రెండో బ్రేకు

కరెంటు కారు పేరెత్తితే చాలు ఒంటికాలి మీద లేచే మాస్టారు, కిందటి వారం గుమ్మంలో నిలబడి, "ఆ కరెంటు బండి కొనేద్దాం, ఈ వారమే" అనేసి లోపలికి వెళ్ళిపోయారు. కొడుకు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కోడలి చేతిలో గరిట గాల్లోనే ఆగిపోయింది. పాపం, వాళ్ళిద్దరినీ అలాగే వదిలేసి మనం వచ్చేశాం.

మాస్టారంటే బడి పంతులు కాదు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఈ ఊళ్ళో స్టీరింగ్ పట్టిన వాళ్ళలో సగంమంది ఆయన చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే. కోడలూ తింది. తిని, నేర్చుకుని, ఇప్పుడు ఆడవాళ్ళ బ్యాచ్‌కి తనే నేర్పుతోంది. స్కూలుకున్నది ఒక్కటే కారు. పిల్లలంతా దాన్ని ముసలమ్మ అంటారు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు ఎంత తత్తరపడ్డా, మాస్టారి కాలు కింద ఆ రెండో బ్రేకు ఉంది కాబట్టే తల్లులు ధైర్యంగా పిల్లల్ని పంపేవారు.

ఆ రెండో బ్రేకు ఉండగానే, మాస్టారు గుమ్మంలో ఆ మాట అన్నరోజునే, ముసలమ్మ మలుపులో సైకిల్ మీద వెళ్తున్న టైలర్ని గుద్దింది. కుట్టిన బట్టల మూట రోడ్డంతా పరుచుకుంది. అతను ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. స్టీరింగ్ దగ్గర ఉన్నది ఆ ఆసుపత్రిలోనే మందుల షాపులో పనిచేసే అమ్మాయి. ఆరోజు కోడలికి వీలు కాలేదు, పక్కన ఉన్నది మాస్టారు. "నేను బ్రేకు వేశాను. అమ్మాయి కంగారులో యాక్సిలరేటరు తొక్కేసింది" అని ఆయన పోలీసులతో చెప్పారు. స్టేషన్‌లో ఉన్నవాళ్ళకీ ఆయనే నేర్పారు, ఇంకేం అడుగుతారు? అడగాల్సింది ఆ అమ్మాయి. ఆ పిల్లా అడగలేదు. మాస్టారు చెప్పారంటే తొక్కే ఉంటాననుకుంది. ఇవాళ మధ్యాహ్నం స్టేషన్‌కి వెళ్ళి ఆ మాటే తన నోటితో చెప్పి రావాలి.

ఇక మన కథ ఇవాళ పొద్దున్న మొదలవుతుంది.

మూసేసిన గోడౌన్ వెనక ఖాళీ స్థలంలో స్కూలు నడుస్తుంది. సున్నం పూసిన పాత డ్రమ్ములు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్యలోంచి వంకర్లు తిరుగుతూ ఎన్ని బ్యాచ్‌లు వెళ్ళాయో, నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో గడ్డి మొలవడమే మానేసింది. ఆ గాడి పక్కన, కడిగిన ముత్యంలా మెరుస్తూ, షోరూమ్ వాళ్ళ కరెంటు కారు వచ్చి ఆగింది. ఆగిందని కళ్ళతో చూడాల్సిందే తప్ప చెవికి తెలియలేదు. పక్కనే ముసలమ్మ బానెట్‌కి ఒక పక్క సొట్టతో, దిగాలుగా నిలబడి ఉంది.

షోరూమ్ సేల్స్‌మన్ మంచి మాటకారి. ఒక్కసారి చార్జ్ చేస్తే ఎంత దూరం వెళ్తుందో, తెర మీద ఏమేం కనిపిస్తాయో, రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఎలా సిద్ధంగా ఉంటుందో ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. మామూలుగా అయితే ఈపాటికి మాస్టారు అతన్ని ప్రశ్నలతో చావగొట్టి ఉండేవారు. మూడేళ్ళుగా ఆయన వాదన అందరికీ కంఠతా వచ్చు. ఇవాళ కొన్న బ్యాటరీ రేపటికి పాతబడిపోతుంది. ఊళ్ళో చార్జింగ్ చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అన్నిటికీ మించి, క్లచ్ లేని బండిలో నేర్చుకున్నవాణ్ణి డ్రైవరంటారా, ప్రయాణికుడంటారా? కొందామని పోరింది కోడలే. ఎదురువీధి స్కూల్లో కరెంటు బండి వచ్చాక సగం పిల్లలు అటు వెళ్ళిపోయారని మొత్తుకుంటే, "ఆగు తల్లీ, వచ్చే ఏడు చూద్దాం" అనేవారాయన. ఏటా ఆ వచ్చే ఏడు వస్తూనే ఉంది, వెళ్తూనే ఉంది.

అలాంటి మనిషి ఇవాళ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"పెడల్ మీంచి కాలు తీస్తే, బ్రేకు తొక్కకపోయినా దానంతటదే ఆగుతుందట, నిజమేనా?"

"ఆగుతుంది సార్. కాలు తియ్యగానే నెమ్మదించి, పూర్తిగా నిలబడిపోతుంది. అలవాటైతే బ్రేకు జోలికే వెళ్ళక్కర్లేదు."

"మళ్ళీ చెప్పు" అన్నారు మాస్టారు. సేల్స్‌మన్ మళ్ళీ చెప్పాడు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

కోడలికి అడిగింది దొరికింది. సంతోషపడాలి. కానీ ఆమె వంగి, కొత్త బండి పక్కసీటు ముందు నేల వైపు చూసింది.

"దీనికి రెండో బ్రేకు పెట్టించచ్చా?" అని అడిగింది.

సేల్స్‌మన్ కొంచెం నసిగాడు. "ఈ మోడల్‌కి కంపెనీ ఒప్పుకోదు మేడమ్. బ్రేకంతా వేరే పద్ధతిలో ఉంటుంది, చెయ్యి పెడితే గ్యారంటీ పోతుంది. డ్రైవింగ్ స్కూళ్ళ కోసం పక్క పెడల్‌తో వేరే మోడల్ వస్తోందంటున్నారు. వచ్చే ఏడాది ఎప్పుడో. నేను అమ్ముకునేవాణ్ణే అనుకోండి, అయినా నిజం చెప్పాలిగా. మీకైతే ఆగడమే మేలేమో."

"అక్కర్లేదు. రెండో బ్రేకు లేకపోయినా పర్వాలేదు. ఇదే మా పేర రాసుకో" అన్నారు మాస్టారు.

కోడలు తలెత్తి ఆయన వైపు చూసింది. రెండో బ్రేకు లేకుండా నేర్పించడమంటే మెట్ల మీద పసిపిల్లని వదిలేసి గేటు తీసి పెట్టడమే అని ఊరంతా చాటింది ఈయనే. అలా నేర్పుతున్నాడని ఒకాయన మీదికి చెయ్యెత్తి వెళ్ళిందీ ఈయనే. అదే నోటితో అక్కర్లేదంటున్నారు.

అప్పుడు ఆమెకి కొన్ని సంగతులు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అంతకుముందు వాటిని చూడలేదని కాదు. చూసి నవ్వేసింది. ఒకరోజు ఆయన ఒక కాలికి చెప్పు ఉండి, ఇంకో కాలికి లేకుండా ఇంట్లోకి వచ్చారు. రెండోది గోడౌన్ దారిలో ఎక్కడో జారిపోయింది. అంతదూరం గులకరాళ్ళ మీద నడిచొచ్చి, ఎవరో చెప్పేదాకా ఆయనకి తెలియలేదు. "మామయ్యకి మతిమరుపు మొదలైంది" అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. ఆయన కూడా నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వారు.

ఇంకొకటి కూడా ఉంది. నేర్చుకునేవాళ్ళెవరైనా పెడల్ ఎక్కడుందో చూడ్డానికి కిందకి వంగితే మాస్టారు ఠపీమని మొట్టికాయ వేసేవారు. "కాళ్ళెక్కడికీ పోవు. కళ్ళు రోడ్డు మీద పెట్టు" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు అన్నారో, స్కూలు వదిలి ఏళ్ళయినవాళ్ళు కూడా ఆయన ఎదురుపడితే నమస్కారానికి బదులు "కాళ్ళెక్కడికీ పోవు మాస్టారూ" అని పలకరించేవారు. ఈమధ్య మాస్టారే కిందకి చూస్తున్నారు. బ్రేకు వెయ్యబోయే ముందు ప్రతిసారీ కళ్ళు ఒక్క క్షణం కిందకి దిగి, మళ్ళీ రోడ్డు మీదికి వస్తున్నాయి. ఏదో వయసు అలవాటులే అనుకుంది ఆమె.

మలుపులోంచి సైకిల్ ఊడిపడితే కిందకి చూసే తీరిక ఎవరికుంటుంది?

గుద్దిన మర్నాడే మెకానిక్ వచ్చి బ్రేకులు లక్షణంగా ఉన్నాయన్నాడు. ముసలమ్మ బ్రేకు పట్టిందంటే, ఎంత యాక్సిలరేటరు తొక్కినా, ఇంజను దగ్గి ఆగిపోవాల్సిందే. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆమెకి తెలిసిన సంగతి ఆయనకి తెలియదా?

"ఒక్క నిమిషం ఉండండి" అని సేల్స్‌మన్‌తో చెప్పి, మాస్టారి వైపు తిరిగింది. "మామయ్యా, రాయించేముందు ముసలమ్మని ఒక్క రౌండ్ తిప్పుదాం రండి."

"ఇప్పుడెందుకమ్మా?"

"ఎలాగూ పంపించేస్తున్నాం కదా. సరదాగా."

సరదా అన్న మాట ఆ పూట ఎవరికీ నప్పలేదు. అయినా ఆయన వచ్చి తన సీట్లో కూర్చున్నారు. ఆమె స్టీరింగ్ దగ్గర కూర్చుంది. తాళం తిప్పగానే ముసలమ్మ ఒళ్ళంతా వణికి లేచింది.

"నేను నేర్చుకునేదాన్ని, మీరు మాస్టారు" అంది కోడలు. "ఆ చివరి డ్రమ్ము వైపు వెళ్తాను. నేను బ్రేకు వెయ్యను. చెప్పగానే మీరు వెయ్యండి."

"ఇదేం ఆట?"

"ఒక్కసారే మామయ్యా. కళ్ళు రోడ్డు మీద పెట్టండి. కిందకి చూడకూడదు."

ఆయన మొహంలో ఏదో కదిలింది. దిగిపోతారనుకుంది. దిగలేదు. బహుశా ఆయనకీ తెలుసుకోవాలని ఉందేమో. గడ్డం ఎత్తి, అద్దంలోంచి సూటిగా డ్రమ్ము వైపు చూస్తూ కూర్చున్నారు.

బండి నడిచేవేగంతో కదిలింది. డ్రమ్ము దగ్గరవుతోంది. దాని మీద సున్నం పెచ్చులు కనిపించేంత దగ్గరికి రాగానే ఆమె అంది.

"బ్రేకు."

"వేశాను."

బండి వెళ్తూనే ఉంది.

"మామయ్యా, బ్రేకు!"

"వేశానమ్మా! వేసే ఉన్నాను!"

ఆమె తన కాలు ముందే తన బ్రేకు మీద పెట్టుకుని ఉంది. నొక్కాల్సిన క్షణం దాటిపోతున్నా నొక్కలేదు. ఇప్పుడు ఆగుతుంది, ఇదిగో ఇప్పుడు ఆగుతుంది అని పిచ్చి ఆశతో చూసింది. ఇక ఆగదని తెలిసి తొక్కేసరికి బండి హెడ్‌లైటు డ్రమ్ముకి తగిలి భళ్ళున పగిలింది. డ్రమ్ము ఖంగుమంటూ పడి, పక్కకి దొర్లింది. ఇంజను దగ్గి ఆరిపోయింది.

"చూశావా" అన్నారు మాస్టారు, రొప్పుతూ. మొహం విజయంతో వెలిగిపోతోంది. "చూశావా, బ్రేకు పట్టట్లేదు! ఆ మెకానిక్ వెధవకి ఏం తెలుసు? నేను ప్రాణం పెట్టి తొక్కుతున్నా పట్టట్లేదు. అందుకే అమ్మా కొత్త బండి అంటున్నది..."

ఆమె కిందకి చూస్తోంది.

ఆ చూపు వెంట ఆయన కళ్ళూ కిందకి దిగాయి. ఆయన కుడికాలు ఇంకా గట్టిగా నొక్కుతూనే ఉంది. పిక్క బిగుసుకుంది, పాదం మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. నొక్కుతున్నది మాత్రం పెడల్‌ని కాదు. పెడల్ పక్కన, రబ్బరు మ్యాట్‌ని. అరిగి మెరుస్తున్న బ్రేకు పెడల్ ఒక జానెడు ఎడంగా, ఎవరూ ముట్టుకోకుండా ఉంది.

ఆయన కాలు తియ్యలేదు. అది తనది కానట్టు చూస్తూ ఉండిపోయారు. మొహంలో వెలుగు ఎప్పుడు పోయిందో, నోరు మాత్రం మాట మధ్యలో ఆగినట్టే తెరుచుకుని ఉంది. ఆ మొహాన్ని చూడలేక కోడలు అద్దంలోంచి బయటికి చూసింది. దూరంగా సేల్స్‌మన్ డ్రమ్ము పడిన చప్పుడికి ఉలిక్కిపడి, మళ్ళీ ఫోన్‌లో తల దూర్చాడు.

"ఎప్పటినుంచి?" అంది కోడలు.

"వానలు మొదలైనప్పటి నుంచి" అన్నారు. "ముందు వేళ్ళు. తరవాత పాదం. దూది మీద నిలబడ్డట్టు ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. షుగరు కాళ్ళలోకి దిగి స్పర్శ పోతోందన్నాడు. ఇక బండి నడపద్దన్నాడు."

"మరి?"

"నేను నడపట్లేదుగా, పక్కన కూర్చుంటున్నానంతేగా అనుకున్నాను."

"పక్కన కూర్చునేవాళ్ళదేగా మామయ్యా, రెండో బ్రేకు!"

ఆ మాట అరిచినట్టు వచ్చింది ఆమె నోట్లోంచి. ఆయన మీద ఎప్పుడూ గొంతు లేవలేదు ఆమెకి. పెళ్ళయిన కొత్తలో, ఈ ఇంట్లో నోరు విప్పడానికే భయపడే రోజుల్లో, చేతిలో తాళాలు పెట్టి "నడుపు తల్లీ, నీ వల్ల అవుతుంది" అన్న మనిషి ఆయన. ఆమెకి కోపం వచ్చింది, జాలి వేసింది. రెండూ ఒకేసారి రావడంతో ఏడుపు వచ్చింది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా" అన్నారాయన. "ఒట్టు. ఆరోజు వేశాననే అనుకున్నాను. ఇప్పుడు కూడా, నీ ముందే, వేశాననే అనుకున్నాను."

ఆమె నమ్మింది. నమ్మక తప్పదు, కళ్ళారా చూసింది. కానీ నమ్మినంత మాత్రాన అడగాల్సింది అడక్కుండా ఉండలేకపోయింది.

"అంత నమ్మకం ఉంటే, ఇంటికి రాగానే కొత్త బండి ఎందుకన్నారు? మూడేళ్ళు ఆగుదాం ఆగుదాం అన్నవారు ఇవాళ రెండో బ్రేకే అక్కర్లేదన్నారెందుకు?"

మాస్టారు చేత్తో మోకాలు పట్టుకుని, కాలిని ఎత్తి, వెనక్కి జరుపుకున్నారు.

"అనుమానం వచ్చింది" అన్నారు చివరికి. "చూసుకునే ధైర్యం లేకపోయింది. ఒక్కసారి ఇలా కూర్చుని చూసుకుంటే తేలిపోయేది. నాకు చేతకాలేదు. ఈ బండి పోయి ఆ బండి వస్తే ఇక నా కాలుతో పనే ఉండదనుకున్నాను. పిల్లలు కాలు తీస్తే చాలు, అదే ఆగుతుంది. ఎవరికీ ఏమీ కాదు."

"భయపడ్డవాళ్ళు కాలు తియ్యరు మామయ్యా, ఇంకా నొక్కుతారు. ఈ ముక్క నాకు నేర్పింది మీరే."

ఆయన తల దించుకున్నారు.

"మరి ఏం చెయ్యమంటావు? ఆ పక్క పెడల్ బండి వచ్చేదాకా ఆగమంటావా? ఏడాది ఆగడానికి బండికి బాగానే ఉంటుంది. నా కాళ్ళు ఏడాది ఆగవమ్మా. డాక్టరు చెప్పాడు. ఈ సీట్లోంచి దిగిపోతే ఇక నేనెవర్ని? మూల కూర్చోబెట్టి ఇంత ముద్ద పెడతారు, నాకు తెలుసు, బాగానే చూసుకుంటారు. అది బతుకా?" అని ఆగి, గొంతు తగ్గించారు. "అబ్బాయికి చెప్పకు. బండి రాయించేద్దాం. నేర్పడం నువ్వు చూసుకో. నేను పక్కన ఊరికే కూర్చుంటాను, మాస్టారు ఉన్నారని వాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. మన ఇద్దరి మధ్యా ఉండిపోతుంది."

"మన ఇద్దరి మధ్యే ఉంటే, మధ్యాహ్నం స్టేషన్‌లో ఆ అమ్మాయి ఏం చెప్తుంది?"

ఆ అమ్మాయి మాట ఇంతసేపూ ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తగానే కార్లో గాలి సరిపోనట్టయింది.

"చిన్నపిల్ల" అన్నారాయన నెమ్మదిగా. "పొరపాటున తొక్కానని చెప్తే మందలించి వదిలేస్తారు. టైలరు లేచి కూర్చుంటే అసలు ఏమీ ఉండదు. నేను కూడా వచ్చి మాట్లాడతాను."

"ఆ పిల్ల తొక్కలేదు మామయ్యా."

"తొక్కిందో లేదో ఎవరికి తెలుసు?"

"మీరు వెయ్యలేదని మాత్రం ఇప్పుడు ఇద్దరికి తెలుసు."

ఆయన కళ్ళెత్తి ఆమె వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే ఆమెకి బాగుండేది. లేదు. అదిలించి పంపేస్తారేమోనని భయపడే ముసలివాడి చూపు అది. ఆమె ఆ చూపుని ఎప్పటికీ మర్చిపోలేదు.

సేల్స్‌మన్ వచ్చి అద్దం మీద మెల్లగా తట్టాడు. "సార్, బండి వెనక్కి తీసుకెళ్ళాలి. రాసుకోమంటారా, ఆగమంటారా?"

ఇద్దరిలో ఎవరో ఒకరు పలికేలోపే గోడౌన్ గేటు కిర్రుమంది.

మందుల షాపు అమ్మాయి. షాపులో వేసుకునే తెల్లకోటు కూడా విప్పకుండా వచ్చేసింది. నడుస్తోందో పరిగెడుతోందో తెలియని నడక. దగ్గరికి వచ్చాక చూస్తే కళ్ళలో నీళ్ళు లేవు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టున్నాయి. కోడలు గబగబా కారు దిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"పోయాడక్కా" అంది ఆ అమ్మాయి. "ఇందాకే. మందులకని వాళ్ళావిడ నా దగ్గరికే వచ్చింది. నేనే మందులిచ్చాను. ఆవిడకి నేనెవరో తెలియదు. పైకి వెళ్ళేలోపే... ఆ అరుపు షాపులోకి వినిపించింది."

సేల్స్‌మన్ ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ తన కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

కారు రెండో తలుపు తెరుచుకుంది. మాస్టారు తలుపు పట్టుకుని దిగారు. కుడికాలి చెప్పు కార్లోనే ఉండిపోయింది. ఆయనకి తెలియలేదు. దొర్లిన డ్రమ్ము పక్కన, పగిలిన హెడ్‌లైటు గాజుముక్కల మీద ఉత్తకాలితో నిలబడ్డారు. మడమ కింద నేల ఎర్రబడుతున్నా ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏడవకమ్మా" అన్నారు. అలవాటైన మాటే అది, ఎన్నో ఏళ్ళుగా తత్తరపడ్డ పిల్లలకి చెప్పిన మాట.

ఆ అమ్మాయి ఆయన ముందుకి వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుంది, క్లాసులో నిలబడ్డట్టు.

"మాస్టారూ, మధ్యాహ్నం దాకా ఆగక్కర్లేదట, ఇప్పుడే రమ్మన్నారు. ఇప్పుడిక మందలించి వదిలేసే కేసు కాదట. మనిషి పోయాడు కదా. నేనే గుద్దాననుకుంటేనే ఇన్ని రోజులూ నాకు నిద్ర పట్టలేదు. అయినా చేసింది ఒప్పుకుంటాను. మీరు చెప్పినట్టే చెప్తాను. కానీ నాకు ఎంత గుర్తు చేసుకున్నా, నా కాలు యాక్సిలరేటరు మీద ఉన్నట్టు గుర్తు రావట్లేదు. తీసేసినట్టే గుర్తు. అందుకని వెళ్ళేముందు ఒక్కసారి మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. కోప్పడకండి."

కోడలు మాస్టారి వైపు చూసింది.

"మీరు ఆరోజు బ్రేకు వేశారు కదా మాస్టారూ?"

మాస్టారు ఆ అమ్మాయి కళ్ళలోకి చూడలేదు. మెల్లగా తల వంచి, కిందకి, తన కాళ్ళ వైపు చూసుకున్నారు.